మంద కదిలినా బడి ఆగకుండా: గొల్ల కురుమ ఇళ్లల్లో పిల్లల చదువుకు ఏడాది పొడవునా చేయాల్సిన పనులు

జనగామ, పరకాల, నర్సంపేట, మహబూబాబాద్ వైపు గొర్రెల మంద పెట్టుకున్న ఇళ్లకు ఏడాది జనవరిలో మలుపు తిరుగుతుంది. వానకాలం వరి కోసినాక కొయ్యకాళ్లలో దొరికే మేత సంక్రాంతి దాకా వస్తుంది. ఆ తర్వాత యాసంగి నాట్లకు మడులు దున్నుతారు. ఊళ్లో కాలు పెట్టే చోటు ఉండదు. ఐనవోలు మల్లన్న జాతర అయినంక మందలు ములుగు, భూపాలపల్లి అడవుల అంచుకో, మంథని, మహదేవపూర్ వైపు గోదావరి ఒడ్డుకో బయల్దేరతాయి. తొలకరి పడితే గాని మళ్లీ ఊరు చూడవు. బడి ఏమో జూన్‌లో తెరిచి ఏప్రిల్‌లో మూస్తారు. అంటే చివరి మూడు నెలల పాఠాలు, వార్షిక పరీక్షలు, గురుకుల ప్రవేశ పరీక్ష అన్నీ మంద దూరంగా ఉన్న రోజుల్లోనే పడతాయి. ఈ ఇళ్లల్లో పిల్లలు చదువులో వెనకబడేది ఎక్కువగా ఇక్కడే.

మంద ఎటు పోవాలో, ఏ ఊళ్లో ఎవరి పొలంలో ఎరువుకు పడుకోబెట్టాలో దీపావళి నుంచే మాట్లాడుకుంటారు. పిల్ల సంగతి కూడా ఆ మాటల్లోనే తేలాలి. బయల్దేరే ముందు రోజు ఆలోచిస్తే మిగిలేది ఒక్కటే దారి, పిల్లను వెంట తీసుకుపోవడం.

పిల్ల ఏం కావాలంటోంది

మొదట చేయాల్సిన పని పైసా ఖర్చు లేనిది. మూడో తరగతి దాటిన పిల్లను కూచోబెట్టి పెద్దయితే ఏం చేస్తావని అడగండి. "గొర్ల డాక్టరు అయిత బాపూ" అంటే నవ్వకండి, "మనకెక్కడిది బిడ్డా" అనకండి. ఒక నోటుబుక్కు మొదటి పేజీలో ఆ మాటే రాయించండి. దాని కింద ఆ పనికి ఏ తరగతి తర్వాత ఏం చదవాలో రాయండి. ఇంట్లో చదువొచ్చిన వాళ్లు లేకపోతే బడిలో సారునో మేడమ్‌నో రాసిమ్మని అడగండి.

గొర్రెల డాక్టరు కావాలంటే రెండు దారులున్నాయి. పదో తరగతి తర్వాత రెండేళ్ల పశుసంవర్ధక డిప్లొమా ఒకటి. మామునూరులో, కరీంనగర్‌లో ఈ పాలిటెక్నిక్‌లు ఉన్నాయి. సీటు పాలీసెట్ ర్యాంకుతో వస్తుంది. ఇక్కడ పిల్లలు తరచుగా పోగొట్టుకునేది జీవశాస్త్రం భాగాన్ని. పాలీసెట్ అంటే ఇంజనీరింగ్ డిప్లొమా పరీక్షే అనుకుని లెక్కలు, భౌతిక, రసాయన శాస్త్రాలు రాసి లేచి వస్తారు. పశువుల కోర్సుకు జీవశాస్త్రం కూడా రాయాలి. రెండో దారి ఇంటర్ బైపీసీ, ప్రవేశ పరీక్ష ర్యాంకు, ఆ తర్వాత అయిదున్నరేళ్ల వెటర్నరీ డిగ్రీ. వెటర్నరీ కళాశాల కూడా మామునూరులోనే ఉంది. సెలవు రోజు పిల్లను తీసుకుపోయి గేటు చూపించి రండి. వరంగల్ పక్కనే ఉన్న చోటు అని తెలిస్తే ఆ కల పిల్లకు చేతికందేదిగా కనిపిస్తుంది.

టీచరు అవుతానంటే ఇంటర్ తర్వాత డీసెట్ రాసి రెండేళ్ల డీఎడ్, ఆపైన టెట్, డీఎస్సీ. పోలీసు అంటే కానిస్టేబుల్‌కు ఇంటర్, ఎస్సైకి డిగ్రీ. ఏ దారికైనా పదో తరగతి మెమో ముందు చేతిలో పడాలి. కాబట్టి ఈ కాగితంలో చెప్పేదంతా అక్కడి దాకా తెగకుండా చేర్చడం గురించే.

కార్తీకంలో కాగితాలు

మంద కదలకముందు రెండు నెలల టైం పెట్టుకుని కాగితాలు సరిచేసుకోవాలి. ఒక్కో తప్పు సరిదిద్దడానికి వారాలు పడుతుంది. ఆ వారాల్లో మీరు మంగపేట ఇసుకలో ఉంటే ఏ పనీ కాదు.

పుట్టిన సర్టిఫికెట్, ఆధార్, బడి రిజిస్టరు మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. పేరు అక్షరం అక్షరం కలవాలి. బడిలో మల్లేశ్ అని, ఆధార్‌లో మల్లయ్య అని ఉంటే ఇప్పుడే మార్పించండి. పుట్టిన తేదీ సంగతీ అంతే. పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల జాబితా) పోకముందు బడిలో దిద్దించుకోవడం సులువు, మెమో ముద్రించినాక అదే పనికి ఏళ్లు తిరగాలి. ఆధార్‌లో వేలిముద్రలు 5 ఏళ్లకు, మళ్లీ 15 ఏళ్లకు కొత్తగా ఇవ్వాలి. అది చేయకపోతే స్కాలర్‌షిప్ దగ్గర ఆగిపోతుంది.

కులం పేరు దగ్గర జాగ్రత్త. రాష్ట్ర జాబితాలో కురుమ బీసీ-బిలో ఉంది, యాదవ (గొల్ల) బీసీ-డిలో ఉంది. గొర్రెలు కాసేవాళ్లంతా ఒకటే అనుకుని బడిలో కురుమ పిల్లకు గొల్ల అని రాసేస్తారు. గురుకుల సీటు వచ్చి సర్టిఫికెట్లు చూసే రోజు రిజిస్టరు ఒకటి, మీసేవ కాగితం ఇంకొకటి చెబితే ఆ సీటు కళ్లముందే పోతుంది. అడ్మిషన్ రిజిస్టరులో ఏం రాశారో హెడ్‌మాస్టరును అడిగి మీ కళ్లతో చూడండి. కుల ధ్రువపత్రం ఒకసారి తీస్తే చాలు. ఆదాయ ధ్రువపత్రం మాత్రం ఏటా కొత్తది కావాలి, డిసెంబరులోనే తీసిపెట్టుకోండి.

ఇంకొకటి, పిల్లకు బడి ఇచ్చిన పెన్ నంబరు. పర్మనెంట్ ఎడ్యుకేషన్ నంబరు అంటారు. బడి మారినప్పుడు పాత బడివాళ్లు కంప్యూటర్‌లో పిల్ల పేరును డ్రాప్ బాక్సులోకి వదలాలి, కొత్త బడివాళ్లు అక్కడినుంచి తీసుకోవాలి. పాత బడి వదలకపోతే కొత్త బడిలో పిల్ల రోజూ కూచున్నా లెక్కలో ఉండదు. పుస్తకాలు, యూనిఫాం రావు. ఆ నంబరును నోటుబుక్కు మొదటి పేజీలో కల కిందనే రాసిపెట్టుకోండి.

ఊళ్లోనా, హాస్టల్‌లోనా, మంద వెంటనా

మూడింటిలో మా అభిప్రాయం సూటిగా చెబుతాం. నాలుగో తరగతి లోపు పిల్లకు ఇంటి దగ్గర నాయనమ్మో అమ్మమ్మో ఉంటే ఊళ్లోనే ఉంచండి. అయిదు నుంచి గురుకులమో హాస్టలో మేలు. మంద వెంట తీసుకుపోవడం ఈ రెండూ కుదరనప్పుడే, అదీ దిగే చోటికి నడిచిపోయేంత దూరంలో బడి ఉంటేనే.

ముసలవ్వ దగ్గర వదిలితే ఆమె మీద పడే బరువు కూడా లెక్కలోకి తీసుకోవాలి. రేషన్ కార్డు మీద బియ్యం రాష్ట్రంలో ఏ చౌకధరల దుకాణంలోనైనా తీసుకోవచ్చు. మొత్తం మీరే అక్కడ తీసేసుకుంటే ఇంటి దగ్గర బువ్వకు కరువవుతుంది. ఎవరు ఎక్కడ తీసుకోవాలో ముందే తేల్చుకోండి. నూనె, పప్పు, మందుల ఖర్చు నెలనెలా పంపే కన్నా రెండు నెలలది ఒకేసారి ఇచ్చిపోవడం నయం, ఎందుకంటే అడవి అంచున సిగ్నల్ ఉండదు, ఫోన్‌లో పైసలు పంపడం కుదరదు. వారంలో రెండు రోజులు ఏడు గంటలకు ఫోన్ అని పెట్టుకోండి. ఫోన్‌లో "సదువుతున్నవా బిడ్డా" అంటే "ఆఁ" అనే జవాబే వస్తుంది. "ఇయ్యాల సారు ఏ పాఠం చెప్పిండు? పుస్తకం తెచ్చి ఓ పేజీ చదివి ఇనిపియ్యి" అనండి. మీకు చదువు రాకపోయినా పిల్ల ఆగి ఆగి చదువుతోందా, గడగడా చదువుతోందా వినిపిస్తుంది. రెండు వారాలు వరుసగా తడబాటు పెరిగితే బడికి ఫోన్ చేయాల్సిన టైం అది.

హాస్టల్ అంటే బీసీ సంక్షేమ హాస్టళ్లు మూడు నుంచి పది తరగతుల పిల్లలకు ఉన్నాయి. వార్డెన్‌ను కలిస్తే జూన్‌లో చేర్చుకుంటారు. జనవరిలో అడిగితే ఖాళీని బట్టి. ఆడపిల్ల మధ్యలో బడి మానేసి ఉంటే, తల్లో తండ్రో లేకపోతే కస్తూర్బా విద్యాలయం ఆరో తరగతి నుంచి ఉంది, అక్కడ ప్రవేశ పరీక్ష లేదు. ఆడపిల్లల విషయంలో ఇంకో కారణాన్ని ఒప్పుకోవాలి. మంద వెంట తల్లి పోతే చిన్నపిల్లలను చూసుకోవడం పదేళ్ల అక్క మీద పడుతుంది. ఆరేళ్ల లోపు పిల్లలను దిగిన ఊళ్లో అంగన్‌వాడీలో చేర్చండి. ఆ ఊరివాళ్లు కాకపోయినా చేర్చుకోవాలి. తమ్ముడు అంగన్‌వాడీలో ఉంటే అక్క బడిలో ఉంటుంది.

మంద వెంట పోయే పిల్లకు

వెంట తీసుకుపోవాల్సి వస్తే ఒక రేకు పెట్టె కావాలి. సంచి పనికిరాదు. రాత్రి మంచుకు తడుస్తుంది, మేక నోటికి అందితే లెక్కల పుస్తకం సగం పోతుంది. పెట్టెలో ఆ తరగతి పుస్తకాలన్నీ, 200 పేజీల నోటుబుక్కులు నాలుగు, పలక ఒకటి, పెన్నులు పది, ఒక సోలార్ లాంతరు. ప్లాస్టిక్ కవర్‌లో బోనఫైడ్ సర్టిఫికెట్ అసలుది, దాని జిరాక్సులు మూడు, ఆధార్, రేషన్ కార్డు జిరాక్సులు, ఈ ఏడాది ప్రోగ్రెస్ కార్డు, పాస్‌పోర్ట్ ఫొటోలు ఆరు. పాత బడి హెడ్‌మాస్టరు ఫోన్ నంబరు పెట్టె మూత లోపలి వైపు రాయండి. కాగితం మీద రాస్తే పోతుంది.

టీసీ తీసుకోవాలా వద్దా అన్నది ఎన్నాళ్లు ఉంటారన్న దాన్ని బట్టి. ఒక చోట నెలా నెలన్నర లోపే ఉండి మళ్లీ కదిలేటట్టయితే టీసీ తీయకండి. ప్రతి చోటా చేర్పించి తీసేస్తూ పోతే పిల్ల ఏ రిజిస్టరులోనూ నిలవదు. మీ హెడ్‌మాస్టరుతో ఒక ఉత్తరం రాయించుకుని, దిగిన ఊరి హెడ్‌మాస్టరుతో ఫోన్‌లో మాట్లాడించి, ఆ బడిలో కూచోబెట్టమని అడగండి. వచ్చేటప్పుడు ఎన్ని రోజులు వచ్చిందో రాసిమ్మనండి. రెండు నెలలు దాటి ఒకే చోట ఉంటే టీసీ తీసి చేర్పించడమే మంచిది.

కొత్త ఊళ్లో "టీసీ లేదు, ఏడాది మధ్యలో తీసుకోం" అనే మాట ఎదురవుతుంది. విద్యాహక్కు చట్టం 2009 ప్రకారం 6 నుంచి 14 ఏళ్ల పిల్లకు అట్లా చెప్పే వీలు లేదు. టీసీ ఆలస్యమైందని, వయసు కాగితం లేదని, తేదీ దాటిందని ప్రవేశం ఆపరాదు. చదువు వెనకబడి ఉన్నా వయసుకు తగ్గ తరగతిలోనే చేర్చుకుని ప్రత్యేకంగా నేర్పాలి. చట్టం పేరు చెప్పి గొంతు పెంచితే మాత్రం పని చెడుతుంది. ఆ సారుతో మీకు మూడు నెలలు పని ఉంది. "సారూ, మేం జనగామ దిక్కు నుంచి మందతోటి వచ్చినం. తొలకరి దాకా ఈడనే ఉంటం. పిల్ల నాలుగో తరగతి. బోనఫైడ్ ఇగో, మా ఊరి సారు ఫోన్ నంబరు ఇగో. ఓసారి మాట్లాడుర్రి" అని మొదలుపెట్టండి. చాలాచోట్ల ఇంతటితోనే అయిపోతుంది. కాకపోతే మండల విద్యాధికారి దగ్గరికి రాతపూర్వకంగా పొండి. అర్జీ రెండు కాపీలు రాసి, ఒక దాని మీద స్టాంపు వేయించుకోండి.

ఈ చట్టం అన్ని చోట్లా ఒకటే. రాజస్థాన్ మార్వాడ్‌లోని రైకాలకు, గుజరాత్ కచ్ నుంచి ఒంటెల మీద సామాను కట్టుకుని విదర్భ, ఛత్తీస్‌గఢ్ దాకా గొర్రెలు తోలుకొచ్చే రబారీలకు కూడా ఇదే వర్తిస్తుంది. ఎడారి నుంచి వచ్చిన ఆ పిల్లలకు ఇంకో చిక్కు ఉంది, దిగిన చోట బడి భాష వేరు. మన మందలు జిల్లాలు దాటినా భాష దాటవు. ఆ మేరకు మన పిల్లల పని తేలిక, దాన్ని వాడుకోవాలి.

దిగే చోటు ఎంచుకునేటప్పుడే బడి దూరం చూడండి. ఒకటి నుంచి అయిదు తరగతులకు కిలోమీటరు, ఆరు నుంచి ఎనిమిదికి మూడు కిలోమీటర్ల లోపు బడి ఉండాలన్నది విద్యాహక్కు నిబంధన. ఒకే తీరు ధాన్యం, పైసలు ఇచ్చే ఇద్దరు రైతులు మంద పడుకోబెట్టమని అడిగితే, ఊరికి దగ్గరున్న పొలం వైపు మొగ్గండి. మార్చి నడుమ నుంచి ఒంటిపూట బడులు, పన్నెండున్నర దాకానే. మధ్యాహ్న భోజనం బడిలోనే ఉంటుంది కాబట్టి పిల్ల తిండికి ఆ పూట వంట తప్పుతుంది. బడి నుంచి వచ్చిన పిల్లను మండుటెండలో మంద మీదికి తోలకండి. నీడలో పడుకోనిచ్చి నాలుగింటికి లేపండి.

సాయంత్రం చదువుకు ముప్పావు గంట చాలు, కానీ రోజూ ఒకే టైంలో ఉండాలి. మొదటి పావుగంట పైకి చదవడం, తర్వాతి పావుగంట ఎక్కాలు, లెక్కలు, చివరి పావుగంట ఒక పేజీ రాత. సిగ్నల్ ఉన్నచోట టీ-శాట్ విద్య పాఠాలు ఫోన్‌లో చూడొచ్చు. ఫోన్‌ను మాత్రం పాఠం అయ్యేదాకా పెద్దవాళ్లే పట్టుకోండి.

లెక్కలకు మందను మించిన పుస్తకం లేదు. మంద రిజిస్టరు పిల్ల చేతికి ఇవ్వండి. గీతలు కొట్టి అయిదు గడులు చేయించండి: గొర్రె గుర్తు, పొట్టేలుతో దాటిన తేదీ, ఈనాల్సిన తేదీ, ఈనిన తేదీ, మందు. గొర్రె కడుపు 150 రోజులు. ఆగస్టు 10న దాటితే ఎప్పుడు ఈనుతుందో పిల్లనే లెక్క కట్టమనండి. నెలకు 30 రోజులని అయిదు నెలలు కలిపి జనవరి 10 అంటుంది. వేళ్ల కణుపుల మీద ఏ నెలకు 31 వస్తాయో చూపించి మళ్లీ కట్టిస్తే జనవరి 7 వస్తుంది. మూడు రోజుల తేడా ఎందుకు వచ్చిందో తానే పట్టుకుంటే తేదీల లెక్క ఇక మరిచిపోదు. నట్టల మందు కూడా అంతే. రెండున్నర శాతం ఆల్బెండజోల్ కిలోకు 0.3 మిల్లీలీటర్ల చొప్పున తాగిస్తే 30 కిలోల గొర్రెకు ఎంత? 9 మిల్లీలీటర్లు. దశాంశాల లెక్క అదే. కట్టిన మొదటి నెలలో ఆ మందు తాగించొద్దని, కడుపులో పిల్ల దెబ్బతింటుందని కూడా ఆ గడిలోనే రాయించండి. డాక్టరు కావాలన్న పిల్లకు ఇది మొదటి పాఠం. తాగించే పని మాత్రం పశువైద్యుణ్ని అడిగి పెద్దవాళ్లే చేయాలి.

పని పంపకం మార్చకపోతే ఏదీ నిలవదు

పిల్లను బడి మాన్పించేది చాలాసార్లు రెండో మనిషి లేకపోవడం. వంద గొర్రెల మందకు ముందు ఒకరు, వెనక ఒకరు ఉండాలి. రెండు పక్కలా పచ్చని చేలుంటే ఇద్దరు కూడా చాలరు. తండ్రి ఒక్కడే అయితే పన్నెండేళ్ల కొడుకు రెండో మనిషి అవుతాడు. "ఈ నెల ఒక్కటే" అని మొదలై ఏడాది దాటిపోతుంది.

దీనికి పాత పద్ధతే మందు, మందలు కలపడం. నలభై యాభై గొర్రెలున్న మూడు నాలుగు ఇళ్లవాళ్లు కలిస్తే వంతులు వేసుకోవచ్చు. రోజుకు ఇద్దరు ముగ్గురు కాపు, మిగతావాళ్లు మకాం దగ్గర. కలిపితే గొడవలు రెండు చోట్ల వస్తాయి. ఒకటి, చచ్చిన గొర్రె ఎవరిదని. చెవి గుర్తులు, రంగు గుర్తులు కలపకముందే రాసుకుంటే ఇది పోతుంది. రెండు, ఒకరి మందలో రోగం ఉంటే అందరికీ అంటుతుంది. పీపీఆర్ (పారుడు రోగం) టీకా వేయని మందను కలుపుకోకండి. చిటుక రోగానికి తొలకరికి ముందే టీకా వేయించండి. పశుసంవర్ధక శాఖ వేసే టీకాలకు పైసలు అడగరు. అడవిలో ఉన్నప్పుడు 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్యశాల వస్తుంది. టీకాలకూ చదువుకూ ఏం సంబంధం అనుకోవద్దు. వారం రోజుల్లో పదిహేను గొర్రెలు పోయిన ఇంట్లో ముందుగా ఆగేది పిల్ల హాస్టల్ సామాను, ఆ తర్వాత పిల్ల చదువు.

ఇంటి పనిలో పిల్ల సాయం చేయడం తప్పు కాదు. బడి అయినంక, సెలవుల్లో ఇంటివాళ్లకు సాయపడొచ్చని బాలకార్మిక చట్టమే చెబుతుంది. హద్దు ముఖ్యం. పొద్దున అరగంట, గొర్రెపిల్లలకు మండలు కట్టడం, తొట్టిలో నీళ్లు పోయడం. సాయంత్రం గంట, తల్లులకు పిల్లలను వదలడం, లెక్క చూడటం. మంచు ఆరకముందు మందను తోలితే నట్టలు పడతాయి కాబట్టి మంద కదిలేది ఎటూ ఎండ పొడిచినాకనే. అప్పటికి పిల్ల బడి బాట పట్టి ఉండాలి.

చదువు గొర్రెలు

మూడో తరగతిలో ఉన్నప్పుడే పిల్ల పేరున రెండు ఆడగొర్రెలు విడిచిపెట్టండి. వయసులో ఉన్నవి, ఒక ఈత అయినవి అయితే మేలు. వాటికి పుట్టిన పొట్టేలు పిల్లలను అమ్మి ఆ పైసలు చదువుకే, ఆడ గొర్రెపిల్లలను ఉంచి తల్లులు ముసలివి అయినప్పుడు వాటి చోట పెట్టాలి. రెండు గొర్రెలు ఏడాదికి చెరో పిల్ల ఈని ఒకటి చచ్చినా ఒకటి మిగులుతుంది. మంచి మేత ఉంటే రెండేళ్లలో మూడు ఈతలు కూడా వస్తాయి. పెద్ద సొమ్ము కాదు. కానీ పెట్టె, దుప్పటి, దరఖాస్తు ఫీజు, బస్సు ఛార్జీలకు షావుకారి దగ్గరికి పోయే పని తప్పుతుంది.

ఎప్పుడు అమ్మాలన్నదే ఇక్కడ అసలు కిటుకు. బడి ఖర్చు జూన్‌లో వస్తుంది. ఎండాకాలం అంతా నడిచి వచ్చిన యాటలు జూన్‌లో చిక్కి ఉంటాయి, బేరగానికి మీ అవసరం తెలుసు, ధర పడగొడతాడు. దసరాకు, సంక్రాంతికి, బక్రీదుకు, రెండేళ్లకోసారి మాఘంలో వచ్చే మేడారం జాతరకు గిరాకీ ఉంటుంది. బక్రీదు ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుందని గుర్తుపెట్టుకుని పొట్టేలును దానికి తగ్గట్టు పెంచండి. అప్పుడు అమ్మి పైసలు పోస్టాఫీసులో వేయండి. పదేళ్ల లోపు ఆడపిల్లకు సుకన్య సమృద్ధి ఖాతా తెరవొచ్చు, ఏడాదికి కనీసం 250 రూపాయలు కడితే చాలు. పదో తరగతి పాసయినాకో, పద్దెనిమిదేళ్లు నిండినాకో చదువుకు సగం దాకా తీసుకోవచ్చు. మగపిల్లాడికి మామూలు పొదుపు ఖాతా.

ఇంట్లో కష్టం వచ్చినప్పుడు ముందు కన్ను పడేది ఈ రెండు గొర్రెల మీదనే. అందుకే వాటి చెవి గుర్తు వేరే పెట్టి, ఆ సంగతి పిల్లకు, నాయనమ్మకు, మేనమామకు తెలిసేలా చేయండి. నలుగురికి తెలిసిన గొర్రెను అమ్మడం అంత సులువు కాదు.

మంద దూరంగా ఉన్నప్పుడు పడే పరీక్షలు

గురుకుల అయిదో తరగతి ప్రవేశ పరీక్ష అన్నిటికన్నా ముఖ్యం. నాలుగో తరగతి చదువుతున్న పిల్ల రాయాలి. దరఖాస్తులు సాధారణంగా డిసెంబరు, జనవరిలో, పరీక్ష ఫిబ్రవరి చుట్టుపక్కల. వంద మార్కులు, రెండు గంటలు: తెలుగు 20, ఇంగ్లిషు 25, లెక్కలు 25, పరిసరాల విజ్ఞానం 20, మెంటల్ ఎబిలిటీ 10. ఊళ్లో ఉండేవాళ్లకు ఏడాది ఆదాయం లక్షన్నర లోపు ఉండాలి. దరఖాస్తు పెట్టి మంద వెంట పోయి, హాల్ టికెట్ తీసేవాళ్లు లేక పరీక్ష తప్పిపోయే పిల్లలు ఉంటారు. దరఖాస్తులో మీ ఫోన్ నంబరుతో పాటు ఊళ్లో ఉండే చదువుకున్న బంధువు నంబరు బడిలో ఇచ్చిపొండి. పరీక్షకు రెండు రోజుల ముందు పిల్ల ఊళ్లో ఉండాలి. ఓఎంఆర్ షీటు ఎన్నడూ చూడని పిల్ల గుండ్రాలు నింపడంలోనే టైం పోగొట్టుకుంటుంది. తెల్ల కాగితం మీద గుండ్రాలు గీసి వారం రోజులు నింపించండి.

నవోదయ ఆరో తరగతి పరీక్షను అయిదో తరగతిలో ఉన్న పిల్ల రాస్తుంది. దరఖాస్తు వానకాలంలోనే పడుతుంది కాబట్టి అప్పుడు మీరు ఊళ్లోనే ఉంటారు. తెలుగులోనే రాయొచ్చు. వరంగల్ నవోదయ మామునూరులో, కరీంనగర్‌ది చొప్పదండిలో. మూడు, నాలుగు, అయిదు తరగతులు తెగకుండా గ్రామీణ బడిలో చదివి ఉంటేనే గ్రామీణ కోటా వర్తిస్తుంది. వలసలో ఒక ఏడాది రిజిస్టరులో తెగితే ఇక్కడ దెబ్బ పడుతుంది. టీసీ గురించి పైన అంత చెప్పింది ఇందుకే.

ఎనిమిదో తరగతిలో ఎన్‌ఎంఎంఎస్ అనే స్కాలర్‌షిప్ పరీక్ష. ప్రభుత్వ, స్థానిక సంస్థల బడుల్లో చదివే పిల్లలకు, ఇంటి ఆదాయం మూడున్నర లక్షల లోపు ఉంటే. పాసై ఎంపికయితే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు. గురుకులాల్లో ఉండి చదివే పిల్లలకు ఇది లేదు. ఊళ్లో ఉండి హైస్కూలుకు పోయే పిల్లకు మాత్రం వదలకుండా రాయించండి.

జీతం పెట్టమని అడిగితే

కరువు ఏడాదిలో పెద్ద మంద ఉన్న ఆసామి వచ్చి, పిలగాణ్ని ఏడాది జీతం పెట్టు, ముందే ఇంత ఇస్తా అంటాడు. పద్నాలుగేళ్ల లోపు పిల్లను జీతం పెట్టుకోవడం నేరం. ముందు అప్పు ఇచ్చి అది తీరేదాకా పని చేయించుకుంటే అది వెట్టి, 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కింద ఆ అప్పు చెల్లదు, కట్టాల్సిన పని లేదు. ఇప్పటికే పెట్టి ఉంటే పిల్లను తీసుకొచ్చేయొచ్చు. భయం ఉంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కు ఫోన్ చేయండి, ఆర్డీవోకు అర్జీ ఇవ్వండి. అంతకు ముందే ఆపగలిగేది ఊరి గొర్రెల పెంపకందారుల సంఘం. సంఘం సభ్యుల్లో ఎవరూ పిల్లలను జీతం పెట్టుకోరాదని మినిట్స్ బుక్కులో తీర్మానం రాసి అందరితో సంతకాలు పెట్టించండి. అడిగేవాడు చాలాసార్లు మన కులపోడే, మన చుట్టమే. అధికారి మాట కన్నా సంఘం మాట వాళ్లకు బరువు.

తిరిగొచ్చినాక

జూన్ మొదటి వారంలో బడిబాట జరుగుతుంది. మంద ఇంకా రాకపోయినా ఒకరు పిల్లతో ముందు ఊరు చేరండి. బడికి పోయి మూడు పనులు చేయాలి: పిల్ల పేరు పై తరగతి రిజిస్టరులో ఉందో లేదో చూడటం, దిగిన ఊరి బడి ఇచ్చిన హాజరు కాగితం ఇవ్వడం, పోయిన మూడు నెలల పాఠాల్లో ఏవి తప్పిపోయాయో సారు దగ్గర రాయించుకోవడం. ఆ పాఠాలకు జూన్, జూలై ఆదివారాలు సరిపోతాయి. లెక్కల్లో భాగాహారం, భిన్నాలు తప్పిపోతే మిగతావి ఆగినా అవే ముందు పట్టించండి, పై తరగతి మొత్తం వాటి మీదనే నడుస్తుంది.

రెండు మూడేళ్ల కింద మానేసి పదిహేను దాటిన పిల్ల అయితే ఓపెన్ స్కూల్ ఉంది. 14 ఏళ్లు నిండితే పది రాయొచ్చు, రోజూ బడికి పోవక్కర్లేదు, మంద పనితో పాటు నడుస్తుంది. దగ్గర్లోని హైస్కూలులో స్టడీ సెంటర్ ఉందేమో అడగండి. పరీక్షలు ఏడాదికి రెండుసార్లు ఉంటాయి. ఎండాకాలం పరీక్షలు మంద దూరాన ఉన్నప్పుడు పడతాయి కాబట్టి రెండు మూడు సబ్జెక్టులు అప్పుడు, మిగతావి వానకాలం చివర జరిగే పరీక్షల్లో రాసేలా ఫీజు కట్టండి.